ఒక్క కోడ్‌తో రెండు ఫోన్లకూ యాప్: నిజంగా పని సగమవుతుందా?

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా ఆండ్రాయిడ్ యాప్‌లు రాస్తున్నాను, అంతా కోట్లిన్ భాషలోనే. మా కంపెనీ చిన్నది. యంత్రాలను తనిఖీ చేస్తూ తిరిగే సిబ్బంది కోసం మా యాప్. వాళ్లు నెట్‌వర్క్ లేని చోట ఫారాలు నింపుతారు, ఫొటోలు తీస్తారు. సిగ్నల్ దొరికాక అవన్నీ సర్వర్‌కు వెళ్లాలి. ఆండ్రాయిడ్ యాప్ మూడేళ్లుగా బాగానే నడుస్తోంది. ఐఫోన్ యాప్ రాసినతను ఉద్యోగం మానేశాడు, ఆర్నెల్లుగా దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు మా మేనేజర్ ‘రెండూ పక్కన పెట్టి ఫ్లట్టర్‌లో ఒక్కటే రాసేద్దాం, ఖర్చు సగం, టైమ్ సగం’ అంటున్నారు (ఫ్లట్టర్ అంటే ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ తయారుచేసే ఫ్రేమ్‌వర్క్). టీమ్‌లో ఇంకొకతను అలాంటిదే, జావాస్క్రిప్ట్‌లో రాసే రియాక్ట్ నేటివ్ అంటాడు. నాకేమో కోట్లిన్ కోడ్‌నే ఐఫోన్‌కూ వాడుకోనిచ్చే కోట్లిన్ మల్టీప్లాట్‌ఫాం మీద మనసుంది, కానీ నాకొచ్చిన భాష కాబట్టే అలా అనిపిస్తోందా అని అనుమానం. ఎటు వెళ్లాలి? ఇన్నేళ్లు నేర్చుకున్నది వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: మీ అనుమానం మంచిదే. తెలిసిన భాష వైపు మొగ్గడం అందరూ చేసే పనే. మీ మేనేజర్ కూడా ఎక్కడో ఒక మంచి డెమో చూసి ఫ్లట్టర్ వైపు మొగ్గి ఉండొచ్చు. అయినా మీరు చెప్పిన పరిస్థితిలో కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామే సరైన దారి అని నేనూ అంటాను. మీకు కోట్లిన్ వచ్చు అన్నది అందుకు మూడో కారణమో నాలుగో కారణమో అవుతుంది. మొదటి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: బాగా నడుస్తున్న ఆండ్రాయిడ్ యాప్ మీ చేతిలో ఉంది. దాన్ని పారేసి మొదటి నుంచి రాస్తే, ఈ మూడేళ్లలో సిబ్బంది ఫిర్యాదు చేయగా మీరు ఒక్కొక్కటిగా సరిచేసిన తప్పులన్నీ కొత్త యాప్‌లో మళ్లీ బయటపడతాయి. ఆ తప్పుల జాబితా ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. కోడ్‌లో అక్కడక్కడా కనిపించే వింత ‘ఇఫ్’ల్లోనే ఉంటుంది.

ఇక ‘సగం’ అన్న మాట. కోడ్ ఒక్కటైనా ఫోన్లు రెండు రకాలే. కెమెరా, లొకేషన్ అనుమతులు రెండు చోట్లా వేర్వేరుగా అడగాలి. నోటిఫికేషన్లు ఒక చోట గూగుల్ దారిలో, ఇంకో చోట యాపిల్ దారిలో వెళ్తాయి. ఏటా రెండు ఆపరేటింగ్ సిస్టంలకూ కొత్త వెర్షన్లు వస్తాయి, రెండు స్టోర్లూ కొత్త నిబంధనలు పెడతాయి. టెస్టింగ్ ఎలాగూ రెండు రకాల ఫోన్ల మీదా చేయాల్సిందే. ఐఫోన్ బిల్డ్‌కు మ్యాక్, దాని మీద నడిచే యాపిల్ సాధనం ఎక్స్‌కోడ్ ఉండాలి, కనీసం అద్దెకు దొరికే క్లౌడ్ మ్యాక్ అయినా. ఇవేవీ ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నా తప్పవు. కోడ్ రాసే పనిలో మాత్రం కొంత భాగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది యాప్‌ను బట్టి ఉంటుంది. ఎక్కువగా ఫారాలు, జాబితాలే ఉన్న యాప్‌లో బాగా తగ్గుతుంది. కెమెరా, బ్లూటూత్, బ్యాక్‌గ్రౌండ్ పనుల మీద ఆధారపడిన యాప్‌లో అంత తగ్గదు. మీది రెండింటికీ మధ్యలో ఉంది.

పెద్ద కంపెనీల అనుభవాలు కూడా ఒకే వైపు చెప్పవు. ఎయిర్‌బీఎన్‌బీ 2016లో రియాక్ట్ నేటివ్‌ను తన యాప్‌లలోకి తెచ్చుకుని, 2018లో మానేస్తున్నామని ప్రకటించింది. అప్పటికే ఉన్న పెద్ద నేటివ్ యాప్‌ల (ఒక్కో రకం ఫోన్‌కు దాని సొంత సాధనాలతో విడిగా రాసినవాటి) లోపల దాన్ని ఇమిడ్చే సరికి, రెండు ప్లాట్‌ఫాంల బదులు మూడింటిని చూసుకోవాల్సి వచ్చింది. డ్రాప్‌బాక్స్ అయితే ఐఓఎస్‌కూ ఆండ్రాయిడ్‌కూ సీ ప్లస్ ప్లస్‌లో ఉమ్మడి కోడ్ రాసుకుంది. 2019లో అది వదిలేసి ఐఫోన్ వైపు భాష స్విఫ్ట్‌కూ, ఆండ్రాయిడ్ వైపు కోట్లిన్‌కూ వెళ్లిపోయామని చెప్పింది. వాళ్లను ఇబ్బంది పెట్టింది ఆ భాష వేగం కాదు. అందరూ వాడే పనిముట్లు ఆ దారిలో పనికిరాకపోవడం వల్ల సొంతంగా తయారు చేసుకోవాల్సి వచ్చింది, ఆ పని తెలిసిన మనుషులు దొరకడం కష్టమైంది. మరోవైపు షాపిఫై 2020లో కొత్త మొబైల్ యాప్‌లన్నీ ఇకపై రియాక్ట్ నేటివ్‌లోనే అని ప్రకటించి, ఆ మాట మీదే నిలబడింది. ఒకే సాధనం ఒకచోట కుదిరింది, ఇంకోచోట కుదరలేదు. కాబట్టి మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఎవరైనా ‘ఫలానా కంపెనీ వాడుతోంది కదా’ అంటే, ఆ కంపెనీకి మొదలుపెట్టిన రోజున చేతిలో ఏముందో అడగండి.

నా దృష్టిలో ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, కోట్లిన్ మల్టీప్లాట్‌ఫాంల మధ్య ఉన్న అసలు తేడా, ఏ గీత దగ్గర కోడ్‌ను ఉమ్మడిగా ఉంచి ఏ గీత దగ్గర విడదీస్తాయన్నది. ఫ్లట్టర్ దాదాపు అంతా ఉమ్మడిగా ఉంచుతుంది. బటన్ నుంచి అక్షరం దాకా తెర మీద ప్రతిదీ తనే గీస్తుంది, ఫోన్‌లో ఉన్న బటన్లను వాడుకోదు. అందుకే రెండు ఫోన్లలోనూ స్క్రీన్ అచ్చు ఒకేలా వస్తుంది. అదే దాని బలం, అదే దాని ఇబ్బంది కూడా. 2025లో ఐఓఎస్ 26తో యాపిల్ తన రూపం మొత్తం మార్చినప్పుడు, యాపిల్ సొంత బటన్లు వాడిన యాప్‌లకు కొత్త ఎక్స్‌కోడ్‌తో బిల్డ్ చేయగానే కొత్త రూపు చాలావరకు దానంతట అదే వచ్చేసింది. తనే గీసుకునే ఫ్లట్టర్‌కు అలా రాదు. రియాక్ట్ నేటివ్ స్క్రీన్ లేఅవుట్‌నూ లాజిక్‌నూ జావాస్క్రిప్ట్‌లో ఉంచి, తెర మీద మాత్రం ఫోన్ సొంత బటన్లనే పెడుతుంది. ఇదివరకు జావాస్క్రిప్ట్‌కూ నేటివ్‌కూ మధ్య మాటలన్నీ ఒక వంతెన మీదుగా సందేశాలుగా వెళ్లేవి, అక్కడే నత్తనడక అని చాలామంది తిట్టుకునేవారు. 2024లో వచ్చిన 0.76 వెర్షన్ నుంచి కొత్త నిర్మాణమే డిఫాల్ట్ అయింది కాబట్టి ఆ పాత తిట్లు ఇప్పుడు చదివితే కాస్త తగ్గించి నమ్మండి. కోట్లిన్ మల్టీప్లాట్‌ఫాం గీతను ఎక్కడ గీయాలో మీకే వదిలేస్తుంది. లాజిక్ మాత్రమే ఉమ్మడిగా పెట్టి స్క్రీన్లు విడిగా రాసుకోవచ్చు, లేదా స్క్రీన్లు కోట్లిన్‌లో రాసే సాధనం కంపోజ్‌తో అవి కూడా ఉమ్మడి చేయొచ్చు. వెబ్ కోడ్‌తో రాసే కార్డోవా, సీ షార్ప్‌తో రాసే డాట్‌నెట్ మౌయీ లాంటివి కూడా ఉన్నాయి, కానీ మీ టీమ్‌లో వెబ్ వాళ్లు గానీ సీ షార్ప్ వాళ్లు గానీ లేనట్టుంది కాబట్టి వాటి జోలికి పోను.

ఈ గీత విషయమే మీ యాప్‌కు తీర్పు చెప్పేస్తుంది. మీ యాప్‌లో స్క్రీన్లు కష్టమా, సింక్ (ఫోన్‌లో ఉన్నవాటిని సర్వర్‌కు సరిగ్గా చేర్చడం) కష్టమా? సింకే కదా. తేడా వస్తే నిజంగా నష్టం జరిగేది కూడా అక్కడే. ఒక తనిఖీ ఆండ్రాయిడ్‌లో ‘పూర్తయింది’ అనీ ఐఫోన్‌లో ‘డ్రాఫ్ట్’ అనీ చూపిస్తే, లేదా ఒకే ఫారం సర్వర్‌కు రెండుసార్లు చేరితే, రెండు యాప్‌లలో ఎవరి తప్పో వెతకడానికే రోజులు పోతాయి. బటన్ కాస్త వేరుగా కనిపిస్తే ఎవరూ ఫోన్ చేయరు. అంటే మీరు ముందుగా పంచుకోవాల్సింది ఫారం నియమాలు, డేటాబేస్, సర్వర్‌తో మాట్లాడే భాగం, పంపాల్సినవాటి క్యూ. ఇదంతా ఇప్పటికే మీ దగ్గర కోట్లిన్‌లో ఉంది.

ఉంది కానీ నేరుగా ఎత్తి పెట్టేంత సిద్ధంగా ఉండకపోవచ్చు. జావా లైబ్రరీల మీద ఆనుకున్న ఏ కోడ్ అయినా ఐఫోన్‌కు రాదు. సర్వర్‌తో మాట్లాడటానికి రెట్రోఫిట్ వాడి ఉంటే కేటార్‌కు మారాలి. పంపే డేటాను తయారుచేసే జీసన్ బదులు కోట్లిన్ వాళ్ల సీరియలైజేషన్, తేదీలకు జావా టైమ్ బదులు కోట్లినెక్స్ డేట్‌టైమ్. ఒక్కో క్లాసుకు కావాల్సినవి అందించే హిల్ట్ ఆండ్రాయిడ్‌కే పరిమితం, కాబట్టి ఉమ్మడి భాగంలో కోయిన్ లాంటిది వాడండి, లేదా కన్‌స్ట్రక్టర్లలో చేత్తోనే అందించండి. చిన్న టీమ్‌కు రెండోదే హాయి. డేటాబేస్‌కు రూమ్ లైబ్రరీ వాడి ఉంటే మీ అదృష్టం, 2.7 వెర్షన్ నుంచి అది మల్టీప్లాట్‌ఫాంలో పనిచేస్తుంది. ఈ మార్పులన్నీ ముందు ఆండ్రాయిడ్ యాప్‌లోనే చేయండి. ఒక్కో లైబ్రరీ మార్చడం, రిలీజ్ చేయడం, సిబ్బంది నుంచి ఫిర్యాదు లేకపోతే తర్వాతిది. ఐఫోన్ వైపు ఒక్క లైనూ రాయకముందే ఈ పని సగం అయిపోతుంది, మధ్యలో ఎక్కడ ఆగినా నడిచే యాప్ చేతిలోనే ఉంటుంది. మొదటి నుంచి తిరిగి రాస్తే ఇలా మధ్యలో ఆగే వీలుండదు.

ఆ ఉమ్మడి సింక్‌ను ఎలాగూ తిరగేస్తున్నారు కాబట్టి కొన్ని విషయాలు ఇప్పుడే చూసుకోండి. ప్రతి తనిఖీకి ఐడీని సర్వర్ కాకుండా ఫోనే ఇవ్వాలి, యూయూఐడీ (ఇంకెక్కడా మళ్లీ రాని పొడవైన ఐడీ) సరిపోతుంది. అప్పుడు పంపడం మధ్యలో తెగిపోయి మళ్లీ పంపినా, సర్వర్ ‘ఇది నా దగ్గర ఉందిలే’ అని గుర్తుపడుతుంది. ఇద్దరు ఒకే తనిఖీని మార్చినప్పుడు ఎవరిది చివరిదో ఫోన్ గడియారాన్ని చూసి తేల్చకండి. ఫోన్ టైమ్ తప్పుగా పెట్టుకునేవాళ్లు మీరనుకునే దానికంటే ఎక్కువమంది ఉంటారు. సర్వర్ ఇచ్చే వెర్షన్ నంబర్‌తో తేల్చండి. ఫొటోలను డేటాబేస్‌లో కుక్కకుండా ఫైళ్లుగా ఉంచి, ఫారం వెళ్లాక విడిగా పంపండి. ఇక క్యూలో ప్రతి వస్తువూ ఏ దశలో ఉందో తేటగా పేర్లు పెట్టండి: రాసింది, పంపుతోంది, చేరింది, సర్వర్ తిప్పి కొట్టింది. చివరి దశను చాలామంది మర్చిపోతారు, అప్పుడా ఫారం ఎన్నటికీ వెళ్లకుండా లోపల తిరుగుతూ ఉంటుంది. ఈ నియమాలన్నింటికీ ఒకే టెస్టులు రాస్తే చాలు. అవే టెస్టులు జేవీఎం (కంప్యూటర్‌లో జావా, కోట్లిన్ కోడ్ నడిపేది) మీదా, ఐఓఎస్ సిమ్యులేటర్ మీదా నడుస్తాయి. నా మటుకు ఈ పద్ధతిలో దొరికే పెద్ద లాభం ఇదే.

సింక్ ఎప్పుడు మొదలవ్వాలన్నది మాత్రం ఉమ్మడి కోడ్‌లో పెట్టొద్దు. ఆండ్రాయిడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనులు నడిపే వర్క్‌మేనేజర్ ఉంది, మళ్లీ మళ్లీ జరిగే పనికి కనీసం 15 నిమిషాల ఎడం పెడుతుంది. కొన్ని ఫోన్ల బ్యాటరీ సేవర్లు దాన్నీ ఆపేస్తుంటాయి, అది మీకు తెలిసిందే. ఐఫోన్ ఇంకా కఠినం. బ్యాక్‌గ్రౌండ్ పని అడగడమే మీ వంతు, ఎప్పుడు ఇవ్వాలన్నది దాని ఇష్టం. పైగా మనిషి యాప్‌ను వేలితో పైకి తోసి మూసేస్తే, మళ్లీ తెరిచేదాకా ఆ బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ జరగదు. మీ సిబ్బందిలో అలా మూసే అలవాటున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. అందుకని యాప్ తెరవగానే సింక్ మొదలవ్వాలి, ఇంకా ఎన్ని వెళ్లాల్సి ఉన్నాయో స్క్రీన్ మీద అంకె కనబడాలి. బ్యాక్‌గ్రౌండ్‌లో అదృష్టం కొద్దీ ఏమైనా వెళ్తే మంచిదే. ఫ్లట్టర్ తీసుకున్నా, రియాక్ట్ నేటివ్ తీసుకున్నా ఈ గొడవ ఇలాగే ఉంటుంది, ప్లగిన్ వెనక దాక్కుని ఉంటుంది అంతే.

ఐఫోన్ స్క్రీన్ల సంగతి. కంపోజ్ మల్టీప్లాట్‌ఫాం ఐఓఎస్ మీద 2025 మేలో స్టేబుల్ అయింది. దానితో మీ ఆండ్రాయిడ్ స్క్రీన్లే అక్కడా చూపించొచ్చు. అది కూడా ఫ్లట్టర్ లాగే తెర మీద తనే గీస్తుంది, కాబట్టి ఐఫోన్‌కు అలవాటుపడ్డ చేతికి అక్కడక్కడా కొత్తగా తగులుతుంది. బయటి వినియోగదారుల యాప్ అయితే యాపిల్ సొంత స్విఫ్ట్‌యూఐలో విడిగా రాయమనేవాణ్ణి. మీది సిబ్బంది పని కోసం వాడే యాప్, ఫారాలే ఎక్కువ. ఆండ్రాయిడ్ స్క్రీన్లు ఇప్పటికే కంపోజ్‌లో ఉంటే వాటినే ఐఫోన్‌కు తీసుకెళ్లండి, కెమెరా స్క్రీన్ మాత్రం స్విఫ్ట్‌లో రాయండి. పాత ఎక్స్ఎంఎల్ లేఅవుట్లలోనే ఉంటే తొందరపడకండి. ఆర్నెల్లుగా పడి ఉన్న ఆ ఐఫోన్ యాప్ స్క్రీన్లనే ఉంచి, కింద డేటా భాగాన్ని మీ ఉమ్మడి కోడ్‌తో మార్చండి. అతను మానేసినా అతని స్క్రీన్లు ఎక్కడికీ పోలేదు కదా.

స్విఫ్ట్ వైపు నుంచి కోట్లిన్‌ను పిలిచేటప్పుడు కొన్ని గరుకులు తగులుతాయి. రెండింటి మధ్యా యాపిల్ పాత భాష ఆబ్జెక్టివ్ సీ ఉంది కాబట్టి సీల్డ్ క్లాసులు, డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు లాంటి కోట్లిన్ సౌకర్యాలు అటువైపు అందంగా కనిపించవు. మారే డేటాను వరసగా అందించే కోట్లిన్ ఫ్లోలను స్విఫ్ట్‌లో సులువుగా వాడాలంటే టచ్‌ల్యాబ్ వాళ్ల స్కై (SKIE) లాంటి సాధనం పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఎక్సెప్షన్లు, అంటే యాప్ నడుస్తుండగా తలెత్తే తప్పులు: త్రోస్ అని గుర్తు పెట్టని కోట్లిన్ ఫంక్షన్ నుంచి ఎక్సెప్షన్ బయటికొచ్చి స్విఫ్ట్‌కు చేరితే యాప్ అక్కడికక్కడే కూలిపోతుంది. నెట్‌వర్క్ లేకపోవడం మీ యాప్‌లో మామూలు విషయం. కాబట్టి ఎక్సెప్షన్లు ఉమ్మడి భాగం గడప దాటకుండా, విజయమో వైఫల్యమో చెప్పే రిజల్ట్ క్లాసునే వెనక్కివ్వండి.

ఒక ట్రయల్ చేయకుండా మేనేజర్‌ను ఒప్పించడం కష్టం, చేయాలి కూడా. రెండు వారాలు అడగండి. ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా లాగిన్ పేజీలో అందంగానే ఉంటుంది, కాబట్టి మీ యాప్‌లో అన్నిటికంటే మొండి పనే ఎంచుకోండి: నెట్ ఆపి ఫారం నింపి, నాలుగు ఫొటోలు తీసి, యాప్ మూసి, మళ్లీ తెరిచి, నెట్ పెట్టి, అన్నీ ఒక్కసారే చేరాయా అని చూడటం. ఇదే పని మీరు కోట్లిన్ మల్టీప్లాట్‌ఫాంలో చేయండి, ఫ్లట్టర్ కావాలన్నవాళ్లు ఫ్లట్టర్‌లో చేయనివ్వండి. రెండూ నిజమైన పాత ఫోన్ల మీద, రిలీజ్ బిల్డ్‌లోనే (వాడేవాళ్లకు ఇచ్చే రూపంలోనే) చూడండి. ఫ్లట్టర్ డీబగ్ బిల్డ్ నెమ్మదిగా ఉంటుంది, దాన్ని చూసి ‘స్లోగా ఉంది’ అనడం అన్యాయం. ఇంకొక్కటి, మీ యాప్‌లో తెలుగు అక్షరాలు ఉంటే ఇంగ్లిష్‌కు సరిపెట్టిన లైన్ ఎత్తులో కింది ఒత్తులు తెగిపోతున్నాయేమో చూసుకోండి. డెమోల్లో ఇది ఎవరికీ కనిపించదు.

ఫ్రేమ్‌వర్క్‌ల ఆయుష్షు గురించి కూడా మేనేజర్‌కు చెప్పండి. సీ షార్ప్‌తో రెండు ఫోన్లకూ యాప్‌లు రాసే జమారిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 మే 1తో ముగిసింది. రియాక్ట్ నేటివ్ వాళ్లు స్టోర్ దాకా వెళ్లకుండా అప్‌డేట్లు పంపడానికి వాడుకున్న కోడ్‌పుష్, మైక్రోసాఫ్ట్ యాప్ సెంటర్‌తో పాటే 2025 మార్చి 31న ఆగిపోయింది. ఫ్లట్టర్ రేపే పోతుందని నేననడం లేదు. కానీ ఏదైనా ఒకటి పోతే మీకేం మిగులుతుందో చూడండి. మల్టీప్లాట్‌ఫాం పోయినా మీ ఆండ్రాయిడ్ యాప్ మామూలు కోట్లిన్ యాప్‌గానే నిలుస్తుంది. గూగుల్ కూడా 2024లో మల్టీప్లాట్‌ఫాంకు అధికారికంగా మద్దతు ప్రకటించింది కాబట్టి ఇప్పట్లో ఆ భయం తక్కువే.

నా సలహా ఎప్పుడు మారుతుందంటే: మీ ఆండ్రాయిడ్ కోడ్ ముట్టుకుంటే విరిగేంత అధ్వానంగా ఉండి, ఎలాగూ కొత్తగా రాయాల్సిందే అయితే ఫ్లట్టర్ మంచి ఎంపికే. ఇద్దరు మనుషులు ఖాళీ పేజీతో మొదలుపెట్టి త్వరగా ఒక యాప్ తేవాలంటే దానికి పోటీ తక్కువ. టీమ్‌లో వెబ్ రియాక్ట్ బాగా వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే రియాక్ట్ నేటివ్‌ను, దానికి తోడుగా వాడే ఎక్స్‌పో సాధనంతో మొదలుపెట్టమంటాను. మీ ఉత్తరాన్ని బట్టి ఈ రెండు పరిస్థితులూ మీకు లేవు.

స్టోర్ గురించి రెండు ముక్కలు. యాపిల్ డెవలపర్ ఖాతాకు ఏటా 99 డాలర్లు, గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు. ఖాతాలు కంపెనీ పేరు మీదే ఉన్నాయా, మానేసినతని పేరు మీద ఉన్నాయా అన్నది ఇవాళే కనుక్కోండి. యాప్‌లోనే ఖాతా తెరిచే వీలుంటే, దాన్ని తొలగించే వీలు కూడా యాప్‌లోనే ఉండాలని యాపిల్ 2022 నుంచి పట్టుబడుతోంది. సిబ్బంది మాత్రమే వాడే యాప్ కాబట్టి అసలు బహిరంగ స్టోర్‌లో పెట్టడం అవసరమా అని కూడా ఆలోచించండి. యాపిల్ బిజినెస్ మేనేజర్ ద్వారా, మేనేజ్డ్ గూగుల్ ప్లే ద్వారా సంస్థలకే పరిమితంగా ఇచ్చే వీలుంది.

మీ టెన్షన్ సంగతి. ఒకవేళ మీ కంపెనీ చివరికి ఫ్లట్టర్‌కే వెళ్లినా, కోట్లిన్ తెలిసిన మనిషికి ఫ్లట్టర్ భాష డార్ట్ చదవడం పెద్ద పనేమీ కాదు. ఆఫ్‌లైన్ క్యూ, అనుమతులు, బ్యాటరీ సేవర్ల మొండితనం లాంటివి నాలుగేళ్లు పడ్డాక వచ్చిన జ్ఞానం, అది ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా పనికొస్తుంది. ఉమ్మడి కోడ్ టీముల్లో ప్లగిన్ పనిచేయనప్పుడు లోపలికి దిగి సరిచేయగలిగే నేటివ్ మనిషి కోసమే అందరూ చూస్తుంటారు. మీకున్న లోటు ఐఫోన్ వైపు. అది మీరు నేర్చుకుంటారా, ఇంకొకరిని తీసుకుంటారా అన్నది ట్రయల్ మొదలయ్యేలోపు మేనేజర్‌తో తేల్చుకోండి. మీరే అయితే ఒక మ్యాక్, ఒక పాత ఐఫోన్, స్విఫ్ట్ నేర్చుకోవడానికి రెండు నెలల సమయం రాతపూర్వకంగా అడగండి. ఖర్చు సగం అన్న లెక్కలో ఆ మూడూ ఉన్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది.